గోడ మీద కాగితం

"పిన్నిగారూ, చేతులు తడిగా ఉంటే తుడుచుకుని ఒకసారి ఇటు రండి. మీకో కాగితం చూపించాలి."

పిన్నిగారు తులసికోట దగ్గర దీపం సర్ది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. మా రెండిళ్ళ మధ్య గోడ గుండెల ఎత్తే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా పచ్చళ్ళూ, పేపర్లూ, శుభలేఖలూ, శ్రావణమాసపు శనగలూ అన్నీ ఆ గోడ మీంచే అటూ ఇటూ మారుతున్నాయి. తెనాలిలో మూడు కాలవలు ఉన్నా, మా వీధి కబుర్లన్నీ పారేది మాత్రం ఈ గోడ మీదే.

"ఏం కాగితమే? మళ్ళీ మునిసిపాలిటీకా?"

"కాదండీ. మన వీధి చివర వినాయకుడి పందిరి వేసే పిల్లలకి. చవితి ఇంకా రెండు వారాలుంది కదా, వాళ్ళు మైకు సెట్టుకి బయానా ఇవ్వకముందే ఇద్దామని."

పిన్నిగారి ముఖం కొంచెం ముడుచుకుంది. "పండక్కి అడ్డం పడ్డామంటారేమోనే అమ్మాయ్. పిల్లలు చందా కోసం వచ్చినప్పుడు నూటపదహార్లిచ్చి, వెనకే ఫిర్యాదు కాగితం ఇస్తే ఏం బాగుంటుంది?"

"ఇది ఫిర్యాదు కాదు పిన్నిగారూ. ఫిర్యాదంటే రాత్రి పదకొండున్నరకి ఇచ్చేది. అప్పటికి వాళ్ళూ వేడి మీద ఉంటారు, మనమూ వేడి మీదే ఉంటాం. ఇది ముందుగా కూర్చుని మాట్లాడుకోవడానికి. డిసెంబరు సంగతి మీరు మర్చిపోయారేమో గానీ నేను మర్చిపోలేకపోతున్నానండీ."

ఆవిడా మర్చిపోలేదు, ఆ మాట వినగానే చెయ్యి గోడ మీద ఆనించి నిలబడిపోయారు. బాబాయిగారు రెండు స్టెంట్లు వేయించుకుని ఇంటికొచ్చి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. మలుపులో ఒకరింట్లో పసిపిల్లకి మొదటి పుట్టినరోజు. వీధికి అడ్డంగా షామియానా వేసి, మనిషి కంటే ఎత్తున డీజే బాక్సులు నిలబెట్టారు. రాత్రి పన్నెండు దాటినా ఆగలేదు. మా వంటింట్లో బల్ల మీది స్టీలు గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకుని గణగణమన్నాయి. కిటికీ తలుపులన్నీ మూసినా ఆ మోత నేల లోంచి కాళ్ళలోకి ఎక్కుతోంది. నేను 112కి ఫోన్ చేశాను. కానిస్టేబుల్ వచ్చాడు, చెప్పాడు, తగ్గించారు. ఆయన బండి మలుపు తిరిగిన ఐదు నిమిషాలకి మళ్ళీ మొదలు. అప్పుడు నేనే వెళ్ళాను. ఆ ఇంటి పెద్దాయన ఎదురొచ్చి, "ఒక్క రోజే కదమ్మా, మొదటి మనవరాలు" అన్నారు. ఆయన్ని చెడ్డవాడని అనలేను. మర్నాడు పొద్దున్నే స్వీటు డబ్బా పంపించారు కూడా. ఆ రాత్రి ఆయన ముందు నిలబడితే నాలో కోపం ఉంది గానీ, చెప్పడానికి మాట లేదు. పదింటికి ఆపాలని విన్నాను. అది ఎవరు పెట్టిన రూలో, ఎంత శబ్దం దాటకూడదో, ఎవరిని అడగాలో ఏమీ తెలీదు. ఆయన వెనకాల ఆ పసిపిల్ల, ఏడాది పిల్ల, బాక్సుల పక్కనే తల్లి భుజమ్మీద గుక్కపట్టి ఏడుస్తోంది. నా కళ్ళలో ఇప్పటికీ ఆ పిల్లే ఉంది.

ఆ తర్వాతే కూర్చుని అన్నీ చదివాను.

"ఏం తేలిందే చదివితే?"

"ఇదేదో మన ఊరివాళ్ళ దయ మీద నడిచే వ్యవహారం కాదని తేలిందండీ. 2000 సంవత్సరంలో కేంద్రం శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చేసింది, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద. ఢిల్లీకి ఏ లెక్కో మన మారీసుపేటకీ అదే లెక్క. రాత్రంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. మైకు పెట్టాలంటే పగలైనా సరే, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రయితే ఆరుబయట పెట్టనే కూడదు. నాలుగు గోడల మధ్య, లోపలివాళ్ళకి వినపడేంత అయితే సరే. ఏదన్నా ప్రమాదం ముంచుకొచ్చి ఊరికి హెచ్చరిక చెయ్యాలన్నా సరే."

"పండగ రోజుల్లో పన్నెండు దాకా పర్మిషన్ ఉందంటారుగా ఆ పిల్లలు?"

"సగం నిజమేనండీ. సాంస్కృతిక, మతపరమైన పండగలకి రాష్ట్ర ప్రభుత్వం పది నుంచి పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు. అయితే ఏడాది మొత్తానికి కలిపి 15 రోజులు మించకూడదు. ఆ పదిహేనులోనే అన్ని పండగలూ, అందరి పండగలూ సర్దుకోవాలి. ఆ రోజులేవో ప్రభుత్వమే చెప్పాలి గానీ పందిరి కమిటీ చెప్పుకుంటే చెల్లదు. పన్నెండు దాటాక ఆ సడలింపు కూడా ఉండదు."

పిన్నిగారికి లెక్కలంటే ఇష్టం. పాలవాడి లెక్క దగ్గర్నుంచి చీటీపాట దాకా నోటితోనే చేస్తారు. అందుకే అడిగారు: "ఎంత శబ్దం దాటకూడదన్నావు? శబ్దాన్ని ఎట్లా కొలుస్తారే?"

"డెసిబెల్ అని ఒక కొలతండీ. మనుషులు కాపురముండే వీధుల్లో పగలు 55, రాత్రి 45. బజారులో 65, 55. ఫ్యాక్టరీలుండే చోట 75, 70. ఆస్పత్రి, బడి, కోర్టు లాంటి చోట్ల చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే అక్కడ పగలు 50, రాత్రి 40. ఇప్పుడు మీరూ నేనూ ఇంత దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నామే, ఇదే 60 దాకా ఉంటుంది."

"అయితే మనమే దాటేశామేమే!" అన్నారు కంగారుగా, గొంతు తగ్గించి.

"లేదండీ, అది ఆ చోట కొంతసేపటి మీద తీసే సగటు. మన మాటకి ఎవరూ రారు. ఈ లెక్కలో ఒక కిటుకుంది, అదే అందరూ పొరబడేది. 55 నుంచి 65కి వెళితే పదే కదా పెరిగిందనిపిస్తుంది. కానీ శబ్దానికున్న శక్తి పది రెట్లవుతుంది. చెవికి రెండింతలు వినిపించినట్టుంటుంది. 45 ఉండాల్సిన చోట 75 మోగిందనుకోండి, పది, మళ్ళీ పది, మళ్ళీ పది. వెయ్యి రెట్ల శక్తి. మీ బీపీ మందు ఒక మాత్రకి బదులు వెయ్యి వేసినట్టు."

పిన్నిగారు చెంపలు వేసుకున్నారు.

నేను కాగితం విప్పి చూపించాను. మైకు మోగే బహిరంగ స్థలం హద్దు దగ్గర, ఆ ప్రాంతానికున్న పరిమితి కంటే పది డెసిబెల్స్ మించకూడదని ఒక లెక్కుంది. లేదా 75, రెండింటిలో ఏది తక్కువైతే అది. మనది ఇళ్ళుండే వీధి గనక పగలు 55కి పది కలిపితే 65. పందిరి తాళ్ళు కట్టిన చోట నిలబడి కొలిస్తే 65 లోపుండాలి. సొంత స్థలంలో సొంత సౌండు సిస్టమ్ అయితే ఇంకా తక్కువ, హద్దు దగ్గర అయిదు మాత్రమే ఎక్కువ ఉండొచ్చు.  

"మరి అంత రాత్రివేళ మీటరు పట్టుకుని ఎవరొస్తారే మనకి?"

"నన్నూ ఇదే భయపెట్టిందండీ మొదట్లో. కానీ నిబంధనల్లో ఫిర్యాదు గురించి చదివితే గుండె నిబ్బరమైంది. పగలు అయితే పరిమితికి పది డెసిబెల్స్ గానీ అంతకంటే ఎక్కువ గానీ మించిందని ఫిర్యాదు చెయ్యాలి. రాత్రి పూట అయితే అసలు మోగించకూడని వేళలో మోగించడమే తప్పు. అంకెతో పని లేదు. గడియారం చాలు. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికి ఆపించే అధికారం ఉంది. ఫోన్లో ఉండే డెసిబెల్ యాప్‌లు నమ్ముకోకూడదు లెండి, అవి ఒక్కో ఫోన్లో ఒక్కో అంకె చూపిస్తాయి."

అప్పుడు పిన్నిగారు అడగాల్సిందే అడిగారు. గొంతు ఇంకా తగ్గించి, కాలవ వైపు తల తిప్పి చూపిస్తూ, "మన పందిరినే అడుగుతున్నావు. అటువైపు వాళ్ళ మైకుల్ని అడగవేం?" అన్నారు.

ఈ ప్రశ్న దగ్గరే మా వీధిలో ఎన్నోసార్లు మాట ఆగిపోయింది. నేను ఆపదలుచుకోలేదు. "పిన్నిగారూ, నిబంధనలో ఏ దేవుడి పేరూ లేదు. గుడీ, మసీదూ, చర్చీ, పార్టీ మీటింగు, పెళ్ళి ఊరేగింపు అన్నీ ఒకటే. 2000లోనే మద్రాసులో ఒక చర్చి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చుట్టుపక్కల కాలనీవాళ్ళు శబ్దం భరించలేమన్నారు. ప్రార్థన మా హక్కు అన్నారు చర్చివాళ్ళు. ప్రార్థన చేసుకోండి గానీ, ఇతరుల ప్రశాంతత చెడగొట్టి చెయ్యమని, మైకు పెట్టే చెయ్యమని ఏ మతమూ చెప్పలేదంది కోర్టు. అది అందరికీ చెప్పిన మాటే. ఎవరి వీధిలో వాళ్ళు ముందు అడుక్కుంటే అవతలివాళ్ళని అడగడానికి మొహం చెల్లుతుంది. ముందు వాళ్ళు తగ్గిస్తే మేం తగ్గిస్తాం అని అందరూ కూర్చుంటే, బాబాయిగారి లాంటివాళ్ళు మధ్యలో నలిగిపోతారు."

ఆవిడ ఏమీ అనలేదు. తులసికోట దగ్గర రెపరెపలాడుతున్న దీపాన్ని చూస్తూ ఉండిపోయారు.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పేశాను. 2005 జూలైలో సుప్రీంకోర్టు శబ్దం గురించి ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి లహోటీగారు ఇచ్చిన తీర్పు. అందులో మొదట్లోనే ఆ కేసు ఎందుకు వచ్చిందో ఉంది. 1998 జనవరిలో పేపర్లలో వచ్చిన వార్త. పదమూడేళ్ళ పిల్ల మీద అత్యాచారం జరిగింది. ఆ పిల్ల అరిచింది. పక్కన మైకులో పాటలు హోరెత్తిపోతుంటే ఆ కేకలు ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఒక ఇంజనీరుగారు ఆ వార్త పట్టుకుని కోర్టుకి వెళ్ళారు.

పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపు మా ఇద్దరి మధ్యా మాట లేదు. నాకు మనవరాలుంది, ఆవిడకీ ఉంది. మైకు గురించి మాట్లాడినప్పుడల్లా నాకు నిద్ర గురించీ, చదువుల గురించీ వాదించాలనిపించదు. ఒక వీధి మనుషులు ఒకరి గొంతు ఒకరికి వినపడేలా ఉండాలి. రాత్రి బాబాయిగారికి ఆయాసం వచ్చి పిన్నిగారు "అమ్మాయ్!" అని కేకేస్తే, నేను నిద్రలో నుంచైనా లేచి రావాలి. డిసెంబరులో ఆ రాత్రి ఆవిడ కేకేసి ఉంటే నాకు వినపడేది కాదు. నాకున్న భయం అంతా అదే.

"సరేలే, ఆ మాట చాలు," అన్నారు ఆవిడ చివరికి. "మైకు సెట్టు అబ్బాయి ఏమంటాడు? వాడి బేరం పోతుందంటాడేమో."

"అతన్ని కూడా కలిశానండీ. మొన్న స్కూటర్ పంక్చరై ఆ కొట్టు పక్కనే ఆగాల్సొచ్చింది." అతను చెప్పిన సంగతులు ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పాను, ఎందుకంటే మాకు తెలీని విద్య అది. గ్లాసులు అదిరేది బేసు వల్లట. మోత తగ్గించి మాట, పాట వినపడేట్టు పెడితే ముందు కూర్చున్నవాళ్ళకి ఏమీ లోటుండదట. అసలు చిక్కు ఎక్కడంటే, రెండే రెండు పెద్ద బాక్సులు ముందు పెట్టి, వీధి చివరున్నవాడికి వినపడాలని పెంచితే, ముందున్నవాడి చెవి పగులుతుంది. దాని బదులు చిన్నవి నాలుగు, జనం ఉన్న మేరకే, కొంచెం కిందికి వంచి, పందిరి లోపలికి తిప్పి పెడితే ప్రతివాడికీ హాయిగా వినపడుతుంది, బయటికి తక్కువ వస్తుంది. కొబ్బరిచెట్టుకి గొట్టం మైకు కడితే మాత్రం అది తిరిగిన వైపు ఇళ్ళన్నిటికీ శిక్షే.

బేసు గురించి నేను చదివింది కూడా కలిసింది. నిబంధనల్లో డెసిబెల్ పక్కన "ఏ" అని ఒక అక్షరం ఉంటుంది. మనిషి చెవి వినే తీరుకి సరిపెట్టి కొలిచే పద్ధతి అది. మన చెవికి మంద్రపు మోత తక్కువ వినపడుతుంది గనక ఆ లెక్కలో కూడా దాన్ని తగ్గించే కొలుస్తారు. కాబట్టి మీటరులో అంకె అంత భయపెట్టకపోయినా ఇంట్లో తలుపులు అదురుతాయి. సన్నటి శబ్దాన్ని గోడ ఆపినట్టు మోతని ఆపలేదు. అందుకే మా కాగితంలో డెసిబెల్స్ గురించి రాసి ఊరుకోకుండా, బేసు తగ్గించమని ప్రత్యేకంగా రాశాను.

వచ్చేముందు ఆ అబ్బాయి ఒక మాట అన్నాడు. ముప్ఫై అయిదేళ్ళు కూడా ఉండవు. రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాయి పెట్టినట్టు కుయ్‌మంటుందట, ఎప్పుడూ. ఇంట్లో టీవీ పెంచితే భార్య విసుక్కుంటుందట. 85 డెసిబెల్స్ దగ్గర మనిషి రోజుకి ఎనిమిది గంటలకి మించి ఉండకూడదనీ, అక్కణ్ణుంచి మూడు పెరిగితే చాలు ఆ సమయం సగానికి తగ్గిపోతుందనీ వైద్యులు చెప్పే లెక్క. వంద డెసిబెల్స్ దగ్గరకొచ్చేసరికి మిగిలేది పావుగంట. ఆ అబ్బాయి బాక్సుల వెనకాల ఆరేసి గంటలు నిలబడతాడు. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి పాడైతే మళ్ళీ మొలవవు. చెవిలో దూది పెట్టుకోవోయ్ అంటే, దూదితో ఏం ఆగదమ్మా అన్నాడు. నిజమే. ఇయర్‌ప్లగ్గులని దొరుకుతాయి, అవి పెట్టుకొమ్మని చెప్పి, మొన్న మెడికల్ షాపులో రెండు జతలు కొని ఇచ్చి వచ్చాను. మన సరదా కోసం ఒక మనిషి చెవులు పోగొట్టుకుంటున్నాడన్న సంగతి నాకు అంతకుముందు తట్టనే లేదు. మా అబ్బాయి పెళ్ళి ఊరేగింపుకి మేమూ అంతే మోగించాం. ఆ రాత్రి బ్యాండువాళ్ళ చెవుల గురించి గానీ, వీధుల్లో పడుకున్నవాళ్ళ గురించి గానీ ఒక్క క్షణం ఆలోచించలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

"మా నాన్న చెప్పేవారే," అన్నారు పిన్నిగారు, గొంతులో కొంచెం వెలుగొచ్చి. "రామవిలాస సభ వాళ్ళ నాటకాలు. స్థానం నరసింహారావుగారు ఆడవేషం కట్టుకుని స్టేజీ మీదికొచ్చి పద్యం ఎత్తుకుంటే, మైకులు లేని రోజులు కదా, చిట్టచివర నేల మీద కూర్చున్నవాడి దాకా చేరేదట. జనం దగ్గు కూడా ఆపుకుని వినేవాళ్ళట."

అదీ తెనాలి. అంతమంది నోరు మూసుకుని చెవి రిక్కించి విన్న ఊరు. ఆ మాట నాకు ఎంత బాగా నచ్చిందంటే, కమిటీ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇది కూడా చెప్పాలనుకున్నాను. మూడో రోజో, అయిదో రోజో పందిట్లో ఒక పద్యం పోటీ పెట్టమని అడుగుతాను. పిల్లలు పాడతారు, తల్లులు వింటారు. దానికి చిన్న స్పీకరు చాలు.

పిన్నిగారు వంటింట్లోకి వెళ్ళి బాబాయిగారికి మజ్జిగ ఇచ్చి మళ్ళీ వచ్చారు. ఈలోపు మా వీధిలో ఒక కుర్రాడు సైలెన్సర్ పీకించిన బండి మీద దూసుకుపోయాడు. దానికీ చట్టం ఉంది: అవసరం లేకుండా హారన్ కొట్టినా, సైలెన్సర్ తప్పించినా మొదటిసారి వెయ్యి రూపాయలు, మళ్ళీ అయితే రెండు వేలు, 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు పెట్టారు. విశాఖలో అయితే పోలీసులు అట్లాంటి సైలెన్సర్లు కుప్ప పోసి రోడ్డు రోలర్‌తో తొక్కించారు. రాత్రిపూట ఇళ్ళ మధ్య హారన్ కొట్టకూడదన్నది కూడా నిబంధనల్లోనే ఉంది. ఆ పక్కనే ఇళ్ళ మధ్య రాత్రివేళ నిర్మాణ యంత్రాలు నడపకూడదనీ ఉంది. పోయిన వేసవిలో వెనక వీధిలో తెల్లారేదాకా తిరిగిన బోరు బండి మాకు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"ఇంత పోరాటం మనవల్ల అవుతుందా? ఆడవాళ్ళం," అన్నారు పిన్నిగారు.

"ముంబైలో సుమైరా అబ్దులాలీ అని ఒకావిడ ఉందండీ. ఆవాజ్ ఫౌండేషన్ అని పెట్టుకుని, మీటరు చేత్తో పట్టుకుని పండగ పందిళ్ళ దగ్గరికి తనే వెళ్ళి కొలుస్తుంది. కోర్టుల్లో పోరాడింది. ఆవిడకి మించిన పని కాదు మనది. మనం మన వీధి పిల్లల్ని, మనం ఎత్తుకుని పెంచిన పిల్లల్ని అడుగుతున్నాం. ఇట్లా ముందుగా మాట్లాడుకోకపోతే చివరికి పెద్ద నిషేధాలొస్తాయి. హైదరాబాదులో చూడండి, 2024లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఊరేగింపులు అయ్యాక మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే వద్దన్నారు పోలీసులు. వాళ్ళది తప్పని నేను అనను, అక్కడ అంతదాకా వచ్చింది. మన వీధికి అంతదాకా రావక్కర్లేదు. పందిరి ఉండాలి, పాట ఉండాలి, పిల్లల చిందులు ఉండాలి. నాకు వినాయకచవితి అంటే ఎంత ఇష్టమో మీకు తెలుసు."

ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని కాగితం చేతిలోకి తీసుకున్నారు. నేను రాసింది పెద్దగా ఏమీ లేదు. పందిరి కమిటీ తమ్ముళ్ళకి అని మొదలుపెట్టాను. మైకుకి పోలీసుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలనీ, ఆ కాపీ పందిట్లో అందరికీ కనపడేట్టు కట్టాలనీ రాశాను. బాక్సులు ఇళ్ళ కిటికీల వైపు కాక పందిరి లోపలికి తిప్పి పెట్టమన్నాను. బేసు సంగతి రాశాను. పదికి ఆపమనీ, ప్రభుత్వం సడలింపు ఇచ్చిన రోజు ఉంటే ఆ రోజు పన్నెండుకి ఆపమనీ రాశాను. కమిటీలో ఒకరి ఫోన్ నంబరు వీధిలో అందరికీ ఇస్తే ఎవరికన్నా ఇబ్బందయినప్పుడు ముందు వాళ్ళకే చేస్తామనీ, పోలీసుల దాకా వెళ్ళమనీ మాటిచ్చాను. ఒక సంగతి ఏ నిబంధనలోనూ లేదు, అయినా రాశాను: మూడో ఇంట్లో నర్సమ్మాయి రాత్రి డ్యూటీ చేసి పగలు పన్నెండు దాకా పడుకుంటుంది, ఆ పూట ఆ వైపు స్పీకరు ఆపితే ఆ పిల్ల కాస్త కళ్ళు మూసుకుంటుంది అని. ఆ అమ్మాయి తనంతట తను ఎప్పటికీ అడగదు.

పిన్నిగారు ఒక్కో వాక్యం పెదవులు కదుపుతూ చదివారు. చివరికొచ్చి ఆగి, మళ్ళీ పైకెళ్ళి, ఒక చోట వేలు పెట్టారు.

"రాత్రంటే పది నుంచి పొద్దున ఆరు దాకా అన్నావు."

"అవునండీ."

"అయితే అయిదు కూడా రాత్రే."

నేను మాట్లాడలేదు. ఆవిడ ఎక్కడికి వస్తున్నారో నాకు తెలుసు. రామాలయంలో ధనుర్మాసం నెల రోజులూ తెల్లవారుజామున అయిదింటికి తిరుప్పావై మైకులో వస్తుంది. పన్నెండేళ్ళుగా ఆ గోష్ఠికి ముందుండి పాడేది పిన్నిగారే. ఆ గొంతు నాకు ఎంతో ఇష్టం. ఆ సంగతి కాగితంలో రాయడానికి నాకు ధైర్యం చాలక, మొదటి ప్రతిలో ఉన్న వాక్యాన్ని కొట్టేసి మళ్ళీ శుభ్రంగా రాసుకొచ్చాను.

"మొన్న ఆయన్ని చెకప్‌కి తీసుకెళ్ళాం కదా," అన్నారు పిన్నిగారు, నా వైపు చూడకుండా. "డాక్టరు నిద్ర ఎట్లా పడుతోందని అడిగాడు. ఇప్పుడు బాగానే ఉందండీ, ధనుర్మాసంలో మాత్రం అయిదింటికి మైకుతో లేచేవాణ్ణి, గుండె దడదడలాడేది అన్నారు ఈయన. నా ముందే. నా గొంతే అది. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్త, రాత్రంతా పట్టక తెల్లారుఝామున కాస్త కన్నంటుకునే వేళ. ఒక్కరోజు నాతో అనలేదు. నేను దేవుడి దగ్గర ఆయన కోసమే పాడుతున్నాననుకున్నాను."

"పిన్నిగారూ..."

"పెన్ను ఇటియ్యి."

ఇచ్చాను. ఆవిడ కాగితాన్ని గోడ మీద పరుచుకున్నారు. గాలికి ఎగరకుండా రెండోవైపు నేను పట్టుకున్నాను. నా వాక్యాలకి పైన, ‘తమ్ముళ్ళకి’ అన్న మాటకి కిందున్న కాస్త జాగాలో, గుండ్రటి బడిపిల్లల రాతలో నెమ్మదిగా రాశారు: ఈ ఏడు ధనుర్మాసంలో రామాలయం గోష్ఠివాళ్ళం గుడి లోపల కూర్చునే పాడుకుంటాం, బయటి గొట్టాలు విప్పిస్తాం, వినాలనుకున్నవాళ్ళు గుడికి రండి అని. కింద సంతకం పెట్టారు.

"ధర్మకర్తగారితో నేను మాట్లాడతాలే," అన్నారు పెన్ను మూత పెడుతూ. "ఇంతా రాసి పైన తారీఖు వెయ్యడం మర్చిపోయావు చూడు."

తారీఖు వేశాను. మూడో ఇంటి నర్సమ్మాయి అప్పుడే డ్యూటీకి బయల్దేరుతూ గేటు తీస్తోంది. పిన్నిగారు గోడ మీంచి చెయ్యెత్తి ఆ పిల్లని పిలిచారు.

"ఒక్క నిమిషం ఆగమ్మాయ్. ఇక్కడో సంతకం పెట్టి వెళ్ళు."